పొడిగా ఉన్న బోటు

చేపల వేట నిషేధం ముగిసింది. జెట్టీలో బోట్లన్నీ హారన్లు కొడుతున్నాయి. పోలిరాజు బోటు ఇంజన్ గదిలో ఎలక్ట్రీషియన్ తాతారావు మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడు. నీళ్లు తోడే పంపు తీగా, నీళ్లను కనిపెట్టే సెన్సర్ తీగా ఉప్పుకు తెగిపోయాయి.

"అడుగు పొడిగా ఉంది. ప్రయాణానికి సిద్ధం," అంది బోటు, తన స్పీకర్లోంచి.

వేటకు అనుమతి ఇప్పుడు బోటే ఇస్తుంది. నీళ్లనే మాట దాని చెవిన పడితే ఆ రోజు వేట రద్దు.

"బావా, ఇందులో నీ..."

పక్కనే నీళ్లలో ఉన్న పోలిరాజు అతని నోరు మూశాడు. "పొడిగా ఉందని చెప్తంది కదా! మనకన్నా దానికి తెలీదేటి?"

"మరి లుంగీ పైకెత్తావేటి?"

పోలిరాజు లుంగీ వదిలేశాడు. అంచు నీళ్లమీద తేలింది. "ఎవడెత్తాడు?"

తాతారావు సెన్సర్‌కు కొత్త తీగ అతికించాడు.

"అడుగున నీళ్లున్నాయి," అని బోటు కేక పెట్టింది. "ప్రయాణం రద్దు."

పక్క బోట్లు ఒక్కొక్కటే కదిలిపోయాయి. పోలిరాజు లబోదిబోమన్నాడు. "ముందు పంపు కలిపి, నీళ్లు తోడేశాక కదరా సెన్సర్ కలపాలి! ఇన్నేళ్లుగా చేస్తన్నావు, ఆమాత్రం తెలీదేటి?"

"తెలుసు బావా. పంపు ఆడితే నువ్వు వెళ్లిపోతావని కూడా తెలుసు."

తాతారావు టార్చిలైటు వెలిగించి బోటు అడుగు పలకల మీదకు తిప్పాడు.

"ఇప్పుడు బోటు కూడా ఒప్పుకుంది కదా. ఇక నోరు విప్పి చెప్పు బావా, ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తన్నాయి?"