అతుక్కోని పెట్టెలు

"అతుక్కుంది!" అని బుడతడు చప్పట్లు కొట్టాడు.

చాప మీద వాడి చెక్క రైలుకి అప్పటికే నాలుగు పెట్టెలు. కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు ఆమె కూర్చుంది. బుడతడికి ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్న ఆమె కొడుకు చేతిలో మాత్రం పొద్దుటి నుంచీ అదే నీలం పెట్టె. పెట్టెల చివర చిన్న అయస్కాంతాలున్నాయి. సరైన వైపు పెడితే టక్కున పట్టుకుంటాయి, తప్పు వైపు పెడితే పక్కకి జారతాయి. ఆమె కొడుకు తప్పు వైపే పెట్టి నెడుతున్నాడు. జారుతోంది. మళ్లీ నెడుతున్నాడు.

అది చూస్తూ ఆమె మిషను గబగబా తొక్కింది. చేతిలో జాకెట్టు కుట్టు వంకరపోయింది.

బుడతడికి ఎవరూ నేర్పలేదు. మొదటి రోజు అరగంట కిందా మీదా పడ్డాడు. విసుగొచ్చి పెట్టెని అటు తిప్పాడు. అంతే, పట్టేశాడు. రెండో రోజు వంతెన కట్టాడు. మూడో రోజు, వంతెన మరీ ఎత్తైతే రైలు ఎక్కదని తెలుసుకుని కింద నుంచి ఒక చెక్క లాగేశాడు. ఇప్పుడు పెట్టెలు లెక్కపెడుతున్నాడు, రంగులు చెబుతున్నాడు.

"చూశారా, వీడెంత తొందరగా నేర్చుకున్నాడో!" అని వాడి తల్లి మురిసిపోయింది.

చూశాను తల్లీ, మూడు వారాలుగా అదే చూస్తున్నాను, అనుకుంది ఆమె. పైకి మాత్రం నవ్వింది. పసివాడి మీద కళ్లలో నిప్పులు పోసుకుంటున్నందుకు తనకే సిగ్గుగా ఉండేది. సిగ్గుపడుతూనే కుళ్లుకునేది. దేవుడు తెలివి పంచేటప్పుడు అంతా ఒక్కడి దోసిట్లోనే పోయాలా?

ప్రతి మంగళవారం టీచరమ్మ వస్తుంది. ఆ రైలుని చూసి ఇద్దర్నీ కలిసి ఆడుకోనిమ్మన్నది ఆవిడే.

"పిల్లలు ఇలాగే నేర్చుకుంటారు. మీ అబ్బాయీ ఇలాగే నేర్చుకోవాలి. మీరు మాత్రం చెయ్యి పెట్టొద్దు. తప్పు చెయ్యనివ్వండి" అంటుంది.

పోయిన వారం మరో మాట కూడా అంది. "వచ్చే మంగళవారానికి రెండు పెట్టెలైనా తనంతట తాను కలిపితే ఇంట్లోనే ఉంచి నేర్పుదాం. లేదంటే శిక్షణ కేంద్రంలో చేర్చక తప్పదమ్మా."

కేంద్రం వేరే ఊళ్లో ఉంది. నెలకొక్కసారే చూడనిస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకి ముద్ద దిగడం లేదు.

ఆ మంగళవారం రానే వచ్చింది. బుడతడు ఝామ్మని రైలు నడుపుతుంటే, పక్కన తన కొడుకు టీచరు కంటికి ఆనతాడా? బుడతడి తల్లి వంటింట్లోకి వెళ్లగానే ఆమె లేచింది. ఎర్ర ఇంజను తీసి గుడ్డపేలికల బుట్టలో అడుక్కంటా కూరేసింది.

బుడతడు ఇల్లెగిరిపోయేలా ఏడుపందుకున్నాడు.

"ఇంజను కనబడట్లేదు, మీరేమైనా చూశారా?" అని అడిగింది వాడి తల్లి.

"నాకేం తెలుసు? బీరువా కిందికి దొర్లిందేమో చూడు."

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

టీచరమ్మ వచ్చి కూర్చుంది. ఆమె కొడుకు నీలం పెట్టె నెట్టాడు. జారింది. మళ్లీ నెట్టాడు. జారింది. ఐదోసారికి టీచరమ్మ పుస్తకం తెరిచి కలం తీసింది.

ఇంజను లేక దిక్కు తోచని బుడతడు, ముక్కు ఎగబీలుస్తూ, మోకాళ్ల మీద ఇటు పాకడం మొదలుపెట్టాడు.

"నువ్విటు రాకు! నీ చోట నువ్వుండు!" అని ఆమె గయ్యిమంది.

"ఉండండమ్మా" అని టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

బుడతడు నీలం పెట్టె మీద బుల్లి వేలు పెట్టాడు. "అలా కాదు. దానికి అటు ఇష్టం లేదు. ఇటు తిప్పు."

ప్రమాదంలో తలకి దెబ్బ తగిలేదాకా పన్నెండేళ్లు నిజం రైళ్లు నడిపిన ఆమె కొడుకు, తన మూడేళ్ల బిడ్డ వేలు చూపించిన వైపుకి పెట్టెని మెల్లగా తిప్పి, టక్కున కలిపాడు.