ఇంకో నెల ఆగు

"ఇవాళ ఇంకో వంద దిగింది," అన్నాడు మార్కెట్ యార్డు గుమాస్తా, కాటా మీది దుమ్ము దులుపుతూ. "ఓడల్లో బయటి సరుకు వచ్చి పడ్డాక మొక్కజొన్నని అడిగే నాథుడే లేడు. ఇంతకీ మీ బస్తాలు ఎప్పుడు దించుతున్నారు?"

"చూద్దాం," అని గొణిగాడు అన్న.

దించడానికి ఆయన దగ్గర గింజ మిగిలితే కదా! పండిన తొంభై బస్తాలూ రెండు నెలల క్రితమే, ధర బాగున్నప్పుడే, చడీచప్పుడు లేకుండా అమ్మేశాడు. అయినా రోజూ వచ్చి రేటు కనుక్కుంటున్నాడు. అది తమ్ముడి కోసం.

తమ్ముడిది కాలువ అవతల వేరు కాపురం. పంట చేతికొచ్చిన రోజు పరుగున వచ్చి, "ఇప్పుడే అమ్మేద్దామా అన్నయ్యా, ఆగుదామా?" అని అడిగాడు. ఇద్దరూ ఒకే వారం సరుకు దించితే దళారి ఆ వంకతో ధర కోసేస్తాడని అన్నకి తెలుసు. అందుకని తమ్ముడి మొహం చూడకుండా, "ఇంకో నెల ఆగరా. ఇంకా పెరుగుతుంది," అన్నాడు. తన లోడు వెళ్ళిపోగానే నిజం చెప్పేద్దామనుకున్నాడు. ఇవాళా రేపూ అనుకుంటుండగానే రేటు జారడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? కాలువ దాటడమే మానేశాడు.

పైగా ఆ అమ్మకం అలాంటిలాంటిది కాదు. ఎవరో పార్టీ అట, దళారి చెప్పిన ధరకి బేరమైనా ఆడలేదు. గింజ కొరికి చూడలేదు, తేమ కొలిపించలేదు. మొత్తం సరుకు లారీకెత్తించుకుపోయాడు. "మన అదృష్టం బాగుండి దొరికాడే," అని ఆ రోజు భార్యతో చెప్పి పడీ పడీ నవ్వాడు అన్న. ఆవిడ నవ్వలేదు.

ఈ రోజు కూడా గుమ్మంలోనే నిలదీసింది.

"ఎంతకొచ్చింది?"

"ఇంకో వంద పోయింది."

"మీకు అన్నం ఎలా సహిస్తోందండీ?"

"సహించట్లేదనేగా ఇలా చిక్కిపోయాను."

"చిక్కిపోతే మరిది బస్తాలు అమ్ముడుపోతాయా? వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి. తిడితే తిట్టించుకోండి, కొడితే కొట్టించుకోండి."

"వాడు తిట్టడే. అదే నా బాధ."

అన్నకి ఒక్కటే ఆశ. రెండు నెలల క్రితం మేత దొరక్క జనం అడిగినంతకి తోలేసిన పశువులు, వానలు పడి గడ్డి లేచాక ఇప్పుడు రెట్టింపు పలుకుతున్నాయి. తమ్ముడికి నాలుగు పాడి ఆవులున్నాయి. రెండు అమ్ముకున్నా ఈ ఏడాది గట్టెక్కుతాడు, మళ్ళీ విత్తనం వేసుకుంటాడు. ముందు తప్పు ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఆవుల మాట ఎత్తాలి. ఇదే పాఠం అప్పజెప్పుకుంటూ కాలువ దాటాడు.

"రా రా అన్నయ్యా! దారి తప్పి వచ్చావా ఏంటి?" తమ్ముడు ఎదురొచ్చి కుర్చీ వేశాడు. "ఇదిగో, అన్నయ్య వచ్చాడు, టీ పెట్టు!"

మరదలు గ్లాసు తెచ్చి ఇచ్చింది. "ఏమనుకోకండి బావగారూ, పాలు లేవు. ఉత్త డికాషనే."

అన్న గ్లాసులోకి చూశాడు, తర్వాత కొట్టం వైపు చూశాడు. తలుపు మూసి ఉంది. లోపలి నుంచి ఒక్క ఆవు అరుపూ లేదు.

"ఆవులేవిరా?"

"అమ్మేశాం."

"నాలుగూనా? ఇంత రేటొస్తుంటే... ఎప్పుడు అమ్మావు?"

"చవగ్గా ఉన్నప్పుడేలే," అని తేలిగ్గా నవ్వేశాడు తమ్ముడు.

అన్నకి అంతా అర్థమైపోయింది. గింజ ఇంట్లో పెట్టుకుని, చేతిలో చిల్లిగవ్వ లేక, ఆవుల్ని తెగనమ్ముకున్నాడన్నమాట. అదీ తను ఆగమన్నందుకు! నోట్లో డికాషన్ చేదుగా తగిలింది.

"ఒరేయ్, నీకో మాట చెప్పాలిరా. పంటప్పుడు నేను..."

"నువ్వు సరుకు అమ్మకానికి పెట్టావు. ఆ రోజే తెలుసు. దళారి నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

అన్న తల దించేసుకున్నాడు. తిట్టు కోసం ఎదురుచూశాడు. అది రాలేదు.

"ధర పెరుగుతుందని నాకు చెప్పినవాడివి. నువ్వే తొందరపడి అమ్ముకుంటున్నావంటే ఏదో గట్టి ఇబ్బందే అయ్యుంటుంది అనుకున్నా. నోరు తెరిచి ఎవర్నీ అడిగే రకం కాదు నువ్వు. కదిపితే చిన్నబుచ్చుకుంటావని నేనూ అడగలేదు."

"అది కాదురా..."

"ఊరుకో అన్నయ్యా. ఆవుల్ని ఎందుకు అమ్మానో చూపిస్తాను, రా."

కొట్టం తలుపు తీశాడు. ఆవులు కట్టేసే చోట నేల కనబడకుండా బస్తాలు. కింద చెక్కలు పరిచి, ఎలుకలు దూరకుండా చుట్టూ రేకు కట్టి, దూలం దాకా పదిలంగా పేర్చిన బస్తాలు.

అన్నకి ఏడుపు ఆగలేదు. "నా మాట నమ్మి ఇన్నీ అలాగే ఉంచుకున్నావుట్రా? ఇంకా పెరుగుతుందనే అనుకుంటున్నావా?"

"నువ్వే చెప్పావుగా. కాస్త ఆలస్యమవుతోంది, అంతే. అయినా నావి ఇక్కడ లేవు. ఇంట్లో ముందుగదిలో ఉన్నాయి."

"మరి ఇవి ఎవరివి?"

తప్పు చేసి పట్టుబడ్డవాడిలా తమ్ముడు తల గోక్కున్నాడు.

"నీవే, అన్నయ్యా."