అరువు గొంతు

"ఎనక్కి జరుగమ్మా! నా ట్యాబ్ మీదెందుకు పడతావు?"

కలకత్తా వైపు రైల్వే ఊళ్ళో, తెలుగువాళ్ళుండే మలంచా పేటలో ఏబెల్ మొబైల్ షాపు ముందు అమర్‌నాథ్ కయ్యిమన్నాడు.

పక్కన నిలబడ్డ పెద్దావిడ కాస్త జరిగింది. మాట మాత్రం ఆపలేదు.

"కోపమెందుకు బాబూ? ఏటి ఎతుకుతన్నావని అడిగినాను, అంతే."

అమర్‌నాథ్‌కి ఒళ్ళు మండింది. అసలే ఇంట్లో మనశ్శాంతి లేదు. గొంతులో పుండుకి ఆపరేషన్ చేశాక వాళ్ళమ్మ దాలమ్మకి మాట పోయింది. బొమ్మ నొక్కితే మాట్లాడే యాప్ వేయించమన్నాడు డాక్టరు. దొరికినవన్నీ వేయించాడు. నీళ్ళ బొమ్మ నొక్కితే ప్రతిదీ "నాకు దాహముగా ఉన్నది" అని వార్తలు చదివినట్టు పలికింది. దాలమ్మ ఆ ట్యాబ్‌ని మంచం మీంచి తోసేసి, గోడవైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచి కొడుకు మొహం కూడా చూడటం లేదు.

"మన మాట మాటాడే యాప్ ఒక్కటీ లేదా? మరి సాపు ఎందుకు పెట్టినావు?" అని ఏబెల్‌ని నిలదీశాడు.

"నానేటి సేసేది దాదా? ఉన్నవన్నీ ఏసినాను," అన్నాడు ఏబెల్.

"వస్తాది బాబూ," పెద్దావిడ మళ్ళీ అందుకుంది. బొంగురు గొంతు, అయినా ఆగితే ఒట్టు. "మన మాటదే వస్తాది. దాని కోసమే నానూ ఈ సాపుకి..."

అత్త మీది కోపం దుత్త మీద చూపించాడు అమర్‌నాథ్.

"యాప్‌ల సంగతి నీకేటి తెలుసు? ఒచ్చిన కాడ్నించి వాగతానే ఉన్నావు. ఇంట్లో నీ మాట ఇనేవోళ్ళు లేరా? నోరు ముయ్యి ముందు!"

ఆవిడ మొహం చిన్నబోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, టోటో రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది.

"పీడా పోయింది," అన్నాడు.

కొన్నాళ్ళకి ఏబెల్ ఫోన్ చేశాడు.

"దాదా, కొత్త యాప్ ఒచ్చింది. ప్రేమ్ బజార్ కాడ ఇంజినీరింగు సదువుకునే పిల్లలు సేసినారట."

నమ్మకం లేకుండానే వేయించి, అమ్మ తలగడ పక్కన పెట్టి, అన్నం బొమ్మ నొక్కాడు.

"ఆకలేస్తంది నాయినా, కూసింత అన్నమెట్టు."

దాలమ్మ గిరుక్కున ఇటు తిరిగింది.

ట్యాబ్ లాక్కుంది. కాళ్ళ బొమ్మ నొక్కింది, టీ బొమ్మ నొక్కింది. కోపం బొమ్మ నొక్కితే "అవతలికి పోరా సచ్చినోడా!" అంది ట్యాబ్. అది వినిపించి కొడుకు వైపు వేలు చూపిస్తూ, చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వింది.

అమర్‌నాథ్ నవ్వలేకపోయాడు. ఆ బొంగురు గొంతు ఏబెల్ షాపు ముందు తను నోరు మూయించినదే.

యాప్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేశాడు. రష్మిత అనే విద్యార్థిని ఎత్తింది.

"గొంతులో పుండు కోసినాక మాట పోయిన మా అమ్మకి మీ యాప్ పెట్టినాను. ఈ గొంతు ఎవలదమ్మా?"

"రాధారాణి గారిదండీ. ఇక్కడి రైల్వే కాలనీ వాళ్ళే. మీ యాస మాటలన్నీ మా దగ్గర కూర్చుని ఆవిడే చెప్పి రికార్డు చేయించారు."

"ఒక్కసారి ఆవిడతో మాటాడించమ్మా. తప్పు సేసినాను. తిట్టినా సరే, ఇంటాను."



"ఆవిడింక తిట్టలేరండీ. మీ అమ్మగారికొచ్చిన జబ్బే ఆవిడకీను. నిన్న కలకత్తాలో గొంతు తీసేశారు, అది పోయేలోగానే మీలాంటి వాళ్ళ కోసం మా దగ్గర దాచి వెళ్ళారు."