షూలో దాచిన చిప్

లాడ్జి స్నానాల గదిలో ఎలియోదోరో పాట అందుకోగానే తిబుర్సియో పని మొదలుపెట్టాడు. మంచం కింద నుంచి ఎలియోదోరో రేసు షూ ఒకటి లాగి, లోపలి మెత్తటి అట్ట లేపి, తన చిప్‌ని దాని కింద పెట్టి మళ్లీ అదిమేశాడు. ప్వెబ్లా నగరంలో ఇరవై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న వేళ్లు. మొదటి చరణం పూర్తయ్యేలోపే పని అయిపోయింది.

గోరంత ప్లాస్టిక్ ముక్క ఆ చిప్. పరిగెత్తేవాడి ఒంటి మీద ఎక్కడున్నా సరే, గీత దాటగానే పేరూ టైమూ యంత్రంలో పడిపోతాయి. చిప్ ఎవరిది, కాళ్లు ఎవరివి అని యంత్రం అడగదు. రేపు నలభై రెండు కిలోమీటర్లూ ఎలియోదోరో పరిగెడతాడు, టైము మాత్రం ఇద్దరికీ పడుతుంది.

ఇంత పాపమూ మక్లోవియా కోసం.

ముగ్గురిదీ ఒకటే వీధి. ఏటా ఇదే శనివారం బస్సెక్కి తులాన్సింగోలో మారథాన్‌కి వస్తారు. మందుల షాపు నడిపే మక్లోవియా లేడిపిల్లలా పరిగెడుతుంది. ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకునే ఎలియోదోరో ఆమెకి ఏమాత్రం తీసిపోడు. ఆరేళ్లుగా ఫలితాల పట్టికలో వాళ్లిద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి, సెకను తేడా లేకుండా ఉంటున్నాయి. తిబుర్సియో పేరు దొరకాలంటే ఇంకో మూడు పేజీలు తిప్పాలి. ఆ పట్టిక చూసినప్పుడల్లా అతనికి కడుపు రగిలిపోయేది. మూడున్నర గంటలకు పైగా పక్కపక్కనే పరిగెడుతూ వాళ్లు ఏం చెప్పుకుంటారో అని బుర్ర బద్దలు కొట్టుకునేవాడు.

పోయినేడు గుండె చిక్కబట్టుకుని ఆమెని భోజనానికి పిలిచాడు, ఎలియోదోరో లేకుండా, ఇద్దరే. మక్లోవియా పకపకా నవ్వింది.

"నాతో సమంగా గీత దాటిన రోజున పిలువు, తప్పకుండా వస్తా."

ఏడాది పొడుగునా తెల్లారకముందే లేచి పరిగెత్తాడు. తగ్గింది పదకొండు నిమిషాలు. ఇంకా యాభై తగ్గాలి. అలాగైతే ఆ భోజనం వచ్చే జన్మలోనే. పైగా ఆమెకి వయసు నలభై నాలుగు, తనకి నలభై ఎనిమిది. ఇంక ఆగే ఓపిక అతనికి లేదు.

ఆ సాయంత్రం ముగ్గురూ ఓ హోటల్లో స్పగెట్టి ముందు కూర్చున్నారు. ఎలియోదోరో ఫోర్కు గాల్లో ఊపుతూ అందుకున్నాడు.

"రేసు ముందు కారం ముట్టకూడదు. మాంసమైతే వాసన కూడా చూడకూడదు. ఇంక ఊపిరి సంగతి..."

"మొదలైంది పురాణం" అంది మక్లోవియా, మిరపకాయ పచ్చడి తన వైపు లాక్కుంటూ. తర్వాత తిబుర్సియో వైపు తిరిగింది. "నువ్వెలాగూ మాట్లాడవు. ఇవాళ తినడం కూడా మానేశావేంటి?"

"ఆకలి లేదు."

"రేపు ఎక్కడ నిలబడతావు? వెనక వరసల్లోనేనా?"

"నాకోసం వెతక్కు. చివర్లో గీత దగ్గర చూద్దువుగాని."

"అబ్బో!" అని ఆమె కనుబొమలెగరేసింది.

ఆదివారం పొద్దున ఆరు గంటలకి మూడు వేలమంది చౌరస్తాలో కిక్కిరిసి ఉన్నారు. మక్లోవియా అప్పటికే జనంలో కలిసిపోయింది. ఎలియోదోరో కాలు నేలకేసి కొట్టాడు.

"ఈ షూ ఏంట్రా, ఇవాళ బిగుసుకుపోయింది?"

తిబుర్సియో గబుక్కున అందుకున్నాడు. "బస్సులో కూర్చుని కూర్చుని కాళ్లు వాచుంటాయిలే!"

తుపాకి పేలింది. జనం కదిలారు. తిబుర్సియో లేసు కట్టుకుంటున్నట్టు వంగి, వంగినవాడు వంగినట్టే పక్క సందులోకి జారుకున్నాడు. ఛాతీ మీది రేసు నంబరు కనపడకుండా జాకెట్ జిప్పు లాగేశాడు. ఇంక గీత దగ్గర కనపడాల్సింది మూడు గంటల నలభై నిమిషాల తర్వాతే.

ఓ పావుగంట సందుల్లో తిరిగాక మార్కెట్ వెనక వీధిలోంచి గుప్పున వాసన తగిలింది. కిత్తనార మట్టలు చుట్టి రాత్రంతా గుంతలో మగ్గబెట్టిన గొర్రె మాంసం, ఆదివారం బార్బకోవా. రాత్రి ఎండిన పొట్ట కదా, కాళ్లు వాటంతటవే అటు నడిచాయి.

ఆ మాంసం కొట్టు తెర తొలగించి లోపల అడుగు పెట్టాడు. మూల బల్ల దగ్గర మెడలో రుమాలు దోపుకుని, గడ్డం నిండా మిరప పచ్చడితో, మూడో రొట్టె చుట్టుకుంటున్నాడు ఎలియోదోరో.

"నువ్విక్కడేంట్రా?" అన్నారిద్దరూ ఒకేసారి.

తిబుర్సియో బల్ల కిందకి చూశాడు. తన చిప్ ఎలియోదోరో షూలో హాయిగా విశ్రాంతి తీసుకుంటోంది. కుర్చీలో కూలబడి, దాచకుండా మొత్తం చెప్పేశాడు. ఎలియోదోరోకి నవ్వీ దగ్గూ కలిసొచ్చాయి.

"ఒరేయ్ పిచ్చోడా! నా చిప్పే ఆరేళ్లుగా మక్లోవియా జేబులో పరిగెడుతోందిరా!"

"ఆవిడెందుకు మోస్తుంది?"

"మొదటేడు ఐదు కిలోమీటర్లు పక్కనే ఉండి ఊపిరి ఎలా పీల్చాలో చెప్పాను. ఉన్నపళంగా ఆగి నా చిప్ పీక్కుంది. నీ టైము నేను తెచ్చిపెడతా, నువ్వెళ్లి ఏదన్నా తిను, నా పక్కన మాత్రం నోరు తెరవకు అంది."

అంటే వాళ్లు ఏనాడూ కలిసి పరిగెత్తలేదన్నమాట! ఆరేళ్ల మంట ఒక్కసారిగా చల్లారింది. తిబుర్సియో ఉత్సాహంగా ఓ గిన్నెడు మాంసం రసం తెప్పించుకున్నాడు. చిప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎలియోదోరో మాత్రం నవ్వు ఆపి, అతన్ని జాలిగా చూశాడు.

"చెప్పనని ఒట్టేశాను గానీ, ఇంక దాచి లాభం లేదురా. ఈసారి ఆవిడ కావాలనే వెనక వరసలోకి వెళ్లి నిన్ను వెతుక్కుంటోంది. నోరు మెదపకుండా పరిగెత్తేవాడు నువ్వొక్కడివేనట. అతను నాతో సమంగా రాలేడు, ఈ ఏడు నేనే అతనితో సమంగా వెళ్తా అని చెప్పి మరీ వెళ్లింది."