తాబేలక్క పుట్టిల్లు

సముద్రపు ఒడ్డున ఒక ఎండ్రకాయ ఒంటరిగా మిగిలింది. తోటివన్నీ పాచి కంపు భరించలేక వెళ్లిపోయాయి. తాబేలక్క పురిటికి పుట్టింటికి వస్తే పలకరించడానికి ఒకరైనా ఉండాలని అది ఆగింది.

"కాస్త ఇసుక కనపడనివ్వవే," అని పాచిని బతిమాలింది.

"నన్నంటావేం? ఊరి మురుగు కాలువ మేపుతోంది, పెరుగుతున్నాను," అంది పాచి.

"ఊళ్లోవాళ్లు మురుగు శుద్ధి చేసి వదిలితే నాకీ మాట ఎందుకు?" అని కాలువ విసుక్కుంది.

సందెవేళ తాబేలు వచ్చింది. పచ్చటి ఒడ్డు చూసి తడబడింది.

"రా అక్కా, ఇదే మన ఒడ్డు!"

"కాదు తమ్ముడూ, మా పుట్టింట్లో ఇసుక ఉండేది," అంటూ నిండు కడుపుతో వెనక్కి మళ్లింది.

ఎండ్రకాయ గబగబా పాచి తవ్వి చారెడు ఇసుక పైకి తెచ్చింది.

"ఇదిగో అక్కా, ఉంది!"

అప్పటికే నీళ్ల మీద ఎవరూ లేరు.