తమ్మునికి ఎండ

పొద్దు గూకగానే ఉదయశ్రీ కుర్చీ ఎక్కి, ముందుగది కిటికీకి కట్టిన నల్లదుప్పటి ఊడదీసింది.

"ఏం జేస్తున్నవే?" చంటివాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది అరుంధతి.

"తమ్మునికి ఎండ కావాలె గద అమ్మా. రేపట్నుంచి పగలంత నేను లోపలి గదిల ఉంట. దానికి కిటికీనే లేదు."

అరుంధతి వాకిలి వైపు చూసింది.

ఎండ తగిలితే ఉదయశ్రీ ముఖం మీది మచ్చలు పుండ్లవుతాయి. ముక్కు మీద అప్పటికే రెండుసార్లు కోశారు. తమ్ముడు పుట్టకముందు, ఎందుకిట్ల అని అడిగితే డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది.

"ఎండకు అందరి కణాల్లోనూ డీఎన్‌ఏ దెబ్బతింటుందమ్మా. కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది. అక్కడి ఎంజైములు దెబ్బ ఎక్కడుందో పసిగట్టి, చెడిన ముక్కను కత్తిరించేసి కొత్తది అతుకుతాయి. నీ ఒంట్లో ఆ పని జరగదు. పుట్టుకతో వచ్చిన లోపం."

"అమ్మ కడుపుల ఉన్న పాపకు గూడ వస్తదా?"

"రావాలని లేదు. నాలుగింట మూడు వంతులు బాగుండే అవకాశమే ఉంది."

ఆ మాటే పట్టుకుని కూర్చుంది ఉదయశ్రీ. తమ్ముడు పుట్టాక వాడి చర్మం రవ్వంత తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు కోసమే నాన్న ఉమాకాంత్ ఇవాళ నారాయణగూడ పోయాడు.

వాకిట్లో స్కూటర్ ఆగింది. అమ్మ ఎదురెళ్లింది. గుమ్మంలోనే నాన్న ఏదో మెల్లగా చెప్పాడు. అమ్మ చంటివాణ్ణి గుండెకు అదుముకుని గోడకు ఒరిగి ఏడ్చింది. సంతోషానికి కూడా ఏడుస్తారని ఉదయశ్రీకి తెలుసు.

"నాన్నా, పొద్దుగాల వాణ్ణి చిక్కడపల్లి మార్కెట్ దాక తిప్పుకరా. పగటిపూట అదెట్లుంటదో, మాటలొచ్చినంక వాడే నాకు చెప్తడు."

ఉమాకాంత్ ఆమె పక్కన కూలబడ్డాడు. చాలాసేపు కూతురి తల నిమిరాడు. తనకోసం బాధపడుతున్నాడనుకుంది.

"నాకేం భయం లేదు నాన్నా. ఒక్కదాన్నే ఉంట."

"ఒక్కదానివే ఎందుకుంటవ్ బిడ్డా?"

"మరి ఎవరుంటరు? అమ్మకు వాని పనే సరిపోతది."

ఉమాకాంత్ కింద పడివున్న నల్లదుప్పటి చేతిలోకి తీసుకున్నాడు.

"తమ్ముడు గూడ ఆ గదిలనే పెరుగుతడు."