పాత కాపురం

“జడ మొత్తం తీసెయ్ బాబాయ్. మగపిల్లాడిలా కనబడాలి,” అంది నర్సు మంగలితో.

“కాస్త ఉంచమనండి, పాపం,” అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

హత్యను కళ్లారా చూసిన పాపను ఆస్పత్రి నుంచి తప్పించి, రెండు రోజులుగా ఇద్దరూ మొగుడూ పెళ్లాలమని చెప్పుకు తిరుగుతున్నారు.

మంగలి బయటికి తొంగిచూసి, గబగబా పాప మొహానికి తువ్వాలు కప్పాడు. “పాపను వెతుకుతూ రౌడీలు పక్క కొట్టు దాకా వచ్చారు. మొగుడూ పెళ్లాలకి ఇంత మర్యాదేంటమ్మా? తిట్టుకోండి.”

రౌడీలు లోపలికొచ్చారు.

“పిల్లాడి నెత్తిన పేలు పడితే చూడవా, దున్నపోతా?” అంది నర్సు.

“నిన్ను చేసుకోవద్దని మీ అమ్మే చెప్పింది. విన్నానా?”

తువ్వాలు కింద పాప నవ్వు ఆపుకుంది.

“పదరా, వీళ్లది పాత కాపురం,” అంటూ రౌడీలు వెళ్లిపోయారు.

“ఇక ఆపొచ్చు,” అన్నాడు డ్రైవరు మెల్లగా.

“ఎందుకు? మీ అమ్మ దాకా నేనింకా రాలేదుగా,” అంది నర్సు.